ముక్క మార్చే ముందు కారణం వెతకండి

బెంగళూరు చిక్కపేటలో పట్టు చీరల దుకాణాలు దాటి, అవెన్యూ రోడ్డు వెంట కె.ఆర్. మార్కెట్ దాకా నడిచి, అక్కడి నుంచి టౌన్ హాల్ వైపు తిరిగితే సిల్వర్ జూబిలీ పార్క్ రోడ్డు వస్తుంది. ఊరంతా దాన్ని ఎస్.జె.పి. రోడ్డనే పిలుస్తుంది. 1537లో కెంపేగౌడ కట్టించిన ఈ పేటలో ఒక్కో వ్యాపారానికి ఒక్కో వీధి అనే పద్ధతి ఇప్పటికీ నిలిచి ఉంది. చిక్కపేటలో చీరలు, బళేపేటలో వాయిద్యాలు, ఎస్.పి. రోడ్డులో ఎలక్ట్రానిక్ సామాను దొరుకుతాయి. మోటార్లు, పంపుసెట్లు, పనిముట్లు, చెట్లు కోసే చైన్ సాలు, వాటి విడిభాగాలు కావాలంటే ఎస్.జె.పి. రోడ్డుకు రావాలి. హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచి రైతులు, చెట్లు కొట్టే మేస్త్రీలు, చిన్న ఊళ్ల మెకానిక్కులు బస్సెక్కి వచ్చేది ఇక్కడికే. మామిడి తోటల శ్రీనివాసపుర వాళ్లూ వస్తారు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు దొరకడం ఈ వీధుల్లో మామూలు.

వచ్చినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, క్లచ్ సెట్టు ఎంత?" లేకపోతే, "ఆయిల్ పంపు ఉందా?" డబ్బిచ్చి, ముక్క తీసుకుని, సాయంత్రానికి ఊరు చేరతారు. మర్నాడు మిషను బ్రహ్మాండంగా నడుస్తుంది. కొన్నాళ్లకు అదే ముక్క మళ్లీ పోతుంది. "డూప్లికేట్ అంటగట్టాడు" అని దుకాణదారుడిని తిట్టుకుంటారు. నిజంగా డూప్లికేట్ అయి ఉండవచ్చు కూడా. కానీ మొదటి ముక్క ఎందుకు పోయిందో ఎవరూ అడగలేదు కాబట్టి, దాన్ని పాడుచేసిన కారణం మిషనులోనే, వాడేవాడి చేతిలోనే మిగిలిపోయింది. కొత్త ముక్కను తినేసింది ఆ కారణమే.

ఈ అధ్యాయంలో నేర్చుకోవలసింది ఒక్క అలవాటు. ముక్క ధర అడిగే ముందు, అది అరిగిన కారణం అడగడం. ఆ అలవాటు ఉన్న మెకానిక్కును జనం వెతుక్కుంటూ వస్తారు. ఆ అలవాటు ఉన్న రైతు, మేస్త్రీ తన మిషను మీద తానే ఆధారపడగలడు. దీన్ని నేర్పడానికి చైన్ సా క్లచ్, ఆయిల్ పంపు కంటే మంచి పాఠం లేదు. ఒకటి పాడైతే రెండోదాన్ని పాడుచేస్తుంది. ఏది ముందు పాడైందో కనిపెట్టడమే అసలు విద్య.

ఒకే గూట్లో రెండు భాగాలు

చైన్ సా కుడివైపు బారును, అంటే చైనును మోసే పొడవాటి పట్టీని, బిగించే నట్లు విప్పి కవరు తీయండి. క్రాంక్ షాఫ్ట్ చివర గుండ్రని డ్రమ్ము, దానికి అతికి చైనును తిప్పే పళ్ల చక్రం కనిపిస్తాయి. ఆ చక్రాన్ని స్ప్రాకెట్ అంటాం. కొన్ని మిషన్లలో డ్రమ్ము బయటికి, క్లచ్ దాని లోపలికి ఉంటాయి. మరికొన్నింటిలో క్లచ్ బయటికి, డ్రమ్ము వెనక్కి ఉంటాయి. అమరిక ఎలా ఉన్నా పని ఒకటే.

క్లచ్‌లో రెండో మూడో బరువైన ఇనుప షూలు ఉంటాయి. వాటిని స్ప్రింగులు లోపలికి పట్టి ఉంచుతాయి. చిన్న మిషను ఐడిల్‌లో నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో స్ప్రింగులదే పైచేయి, అందుకే ఇంజను నడుస్తున్నా చైను కదలదు. రేసు ఇచ్చి వేగం పెంచితే షూలు బయటికి విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒత్తుతాయి. డ్రమ్ము తిరుగుతుంది, స్ప్రాకెట్ తిరుగుతుంది, చైను పరుగు తీస్తుంది. పూర్తి రేసులో చైను వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు. 1959లో వచ్చిన స్టిల్ కాంట్రా లాంటి గేర్లు లేని మిషన్ల తర్వాత ఇంజనుకూ చైనుకూ మధ్య మిగిలింది ఈ క్లచ్ ఒక్కటే. బలమంతా దాని గుండానే పోవాలి.

దీనికి వెనకే, వేలెడు దూరం కూడా లేకుండా, ఆయిల్ పంపు ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ మీద వార్మ్ గేరు అనే మెలికల గొట్టం తిరుగుతూ పంపులోని చిన్న ప్లంజరును తిప్పుతుంది. తిరుగుతూనే ముందుకూ వెనక్కూ కదిలే ఆ ప్లంజరు ట్యాంకు నుంచి నూనె పీల్చి బారు మీదికి నెడుతుంది. చాలా మిషన్లలో ఈ వార్మ్ గేరును తిప్పేది డ్రమ్మే. వార్మ్‌కున్న చిన్న తీగ డ్రమ్ము అంచులోని గాడిలో పట్టుకుని ఉంటుంది. అందువల్ల చైను తిరిగితేనే నూనె వస్తుంది, ఆగితే ఆగుతుంది. కొన్ని చవక రకాల్లో వార్మ్ నేరుగా క్రాంక్‌తో తిరుగుతుంది, అవి ఐడిల్‌లో కూడా నూనె కారుస్తాయి. మీ మిషను ఏ రకమో ముందే తెలుసుకోండి. లేకపోతే మామూలు కారడాన్ని లీకనుకుని పంపు మార్చేస్తారు.

ఇప్పుడు అసలు విషయం. క్లచ్ జారితే వేడి పుడుతుంది. షూలు తిరుగుతూ డ్రమ్ము నిలిచిపోయిందంటే, ఇంజను బలమంతా ఆ రాపిడిలో వేడిగా మారుతుంది. పక్కనే ఉన్న వార్మ్ గేరు, పంపు గూడు చాలా మిషన్లలో ప్లాస్టిక్‌వి. ఆ వేడికి వార్మ్ మెలికలు కరుగుతాయి, రబ్బరు గొట్టం గట్టిపడి పగులుతుంది. ఇంకా వెనక క్రాంక్ షాఫ్ట్ ఆయిల్ సీలు ఉంటుంది. అది కాలితే ఇంజనులోకి దొంగగాలి చొరబడి, పెట్రోలు పాలు తగ్గి, చివరికి పిస్టన్ గీసుకుపోతుంది. క్లచ్‌లో మొదలైన చిన్న నిర్లక్ష్యం ఇంజను మార్చేదాకా పోయే దారి ఇదే.

వెనక్కి వచ్చే దారి కూడా ఉంది. పంపు సరిగా నూనె ఇవ్వకపోతే బారు ఎండిపోతుంది. ఎండిన బారు మీద చైను బిగుసుకుంటుంది, బరువు క్లచ్ మీద పడుతుంది, క్లచ్ జారుతుంది, వేడి మళ్లీ పంపు మీదికే వస్తుంది. మొద్దుబారిన చైనుతో కోసినా జరిగేది ఇదే. కాబట్టి కాలిన క్లచ్ చేతిలోకి రాగానే, "పంపు నూనె ఇస్తోందా? చైను పదునుగా ఉందా?" అని అడగండి. కరిగిన వార్మ్ గేరు కనిపించగానే, "క్లచ్ ఎందుకు జారింది?" అని అడగండి.

అరుగుదలను చదవడం

మిషను ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గు వైరు పీకేయండి. చేతికి గ్లవ్సు వేసుకోండి. చైను ఆగి ఉన్నా పళ్లు పదునైనవే. పాత బ్రష్షుతో రంపపు పొట్టు దులిపి, ఒక్కో భాగాన్నీ వెలుతురులో చూడండి.

డ్రమ్ము నీలంగా మారి ఉంటే అది విపరీతంగా వేడెక్కింది. మొదటి అనుమానం చైన్ బ్రేకు మీద పెట్టుకోండి. బ్రేకు వేసి ఉండగానే రేసు ఇచ్చారా? బ్రేకు పట్టీ డ్రమ్మును చుట్టుకుని ఆపి ఉంటుంది. లోపల షూలు మాత్రం తిరుగుతూ రాసుకుంటాయి. కొన్ని సెకన్లు చాలు పొగ రావడానికి. స్టార్ట్ చేసేటప్పుడు బ్రేకు వేసి ఉండాలి, అది భద్రత. స్టార్టయ్యాక రేసు లాక్ విడిపించి, ఐడిల్‌కు రానిచ్చి, బ్రేకు తీశాకే రేసు ఇవ్వాలి. ఈ ఒక్క అలవాటుతో ఎన్నో క్లచ్‌లు బతుకుతాయి.

బ్రేకు తప్పు లేకపోతే చైను చూడండి. పదునున్న చైను చెక్కను చిన్న చిన్న పేళ్లుగా తీస్తుంది. మొద్దుబారితే పిండిలాంటి పొడి రాలుతుంది. అప్పుడు మనిషి మిషను మీద బరువు మోపి నొక్కుతాడు. చైను కొమ్మలో బిగుసుకుని ఆగిపోయినా రేసు వదలడు. డ్రమ్ము నీలం కావడానికి అది చాలు. ఇలాంటి చోట కొత్త క్లచ్ వేసి, పాత చైనుతోనే పంపిస్తే ఆ మనిషి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. ఈసారి కోపంతో వస్తాడు.

ఐడిల్‌లో చైను పాకుతుంటే అది ప్రమాదం. ఆ మిషనుతో చెట్టెక్కనివ్వకండి. ముందుగా ఐడిల్ స్క్రూ సరిచేయండి. దాని పక్కన ‘టి’ అనో, ‘ఎల్ఎ’ అనో రాసి ఉంటుంది. ఎడమకు కొద్దికొద్దిగా తిప్పి వేగం తగ్గిస్తే చైను ఆగాలి. ఇంజను ఆగిపోయేదాకా తగ్గించినా చైను పాకుతూనే ఉంటే, క్లచ్ స్ప్రింగు సాగిందో తెగిందో చూడాలి. స్ప్రింగులు బాగుంటే డ్రమ్ము లోపలి నీడిల్ బేరింగ్ చూడండి. గ్రీజు ఎండి, సూదులు కాలి నల్లబడితే, క్లచ్ పట్టకపోయినా డ్రమ్మును షాఫ్టే లాక్కుపోతుంది. ఈ బేరింగ్ చిన్నది, చవకది. చాలామంది దీన్ని చూడకుండానే క్లచ్ సెట్టు మొత్తం కొంటారు.

షూల అంచులు అద్దంలా మెరుస్తూ నున్నబడితే అవి జారాయి. లోతుగా అరగకపోతే సన్న ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్ది వాడుకోవచ్చు. ఒక షూ ఎక్కువ, ఒకటి తక్కువ అరిగితే స్ప్రింగుల బిగువులో తేడా ఉందని అర్థం. షూలూ స్ప్రింగులూ ఎప్పుడూ సెట్టుగానే మార్చాలి. ఒక్క కొత్త స్ప్రింగు వేసి మిగతావి పాతవి ఉంచితే షూలు ఒకేసారి విచ్చుకోవు, క్లచ్ అదురుతుంది.

స్ప్రాకెట్ పళ్ల మీద చైను లింకులు చేసిన గాడి చూడండి. దాని లోతు అర మిల్లీమీటరు దాటితే స్ప్రాకెట్ పని అయిపోయినట్టే. సాధారణంగా రెండు చైన్లు అరిగేసరికి ఒక స్ప్రాకెట్ అరుగుతుంది. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే కొత్త చైను కూడా త్వరగా పాడవుతుంది.

నూనె దారి

నూనె రావడం లేదని ఎవరైనా మిషను తెస్తే, పంపు విప్పడం చివరి పని. నూనె ట్యాంకు నుంచి బారు దాకా ప్రయాణించే దారి వెంట, తేలికైన చోటు నుంచి మొదలుపెట్టండి.

మొదట పరీక్ష. మిషను స్టార్ట్ చేసి, బారు కొసను ఒక అట్ట ముక్కకో సిమెంటు గచ్చుకో జానెడు ఎత్తులో పెట్టి, ఆనకుండా, కొన్ని సెకన్లు రేసు ఇవ్వండి. చైను నుంచి నూనె చారగా చిందితే పంపు బతికే ఉంది. గచ్చుకు చైను తగిలితే పళ్లు పోతాయి, జాగ్రత్త.

చార రాకపోతే ట్యాంకులో నూనె ఉందో లేదో చూడండి. తర్వాత బారు తీసి, దాని మీది చిన్న నూనె రంధ్రంలో సన్న తీగ దూర్చండి. బారు గాడిలో గట్టిపడిన పొట్టును గీకేయండి. కొబ్బరి, తాటి చెట్ల పీచు, నీలగిరి బెరడు నారలు ఈ చోట ముద్దగా పేరుకుంటాయి. ఇక్కడే చాలా మిషన్లు బాగుపడతాయి, పైసా ఖర్చుండదు.

బారు లేకుండా మిషను నడిపి, నూనె బయటికొచ్చే చోట చూడండి. అక్కడ వస్తోందంటే తప్పు బారులోనే ఉంది. అక్కడా రాకపోతే నూనె ఎంత రావాలో నిర్ణయించే స్క్రూ ఉన్న రకమైతే అది పూర్తిగా తగ్గించి ఉందేమో చూడండి. ట్యాంకుకు గాలి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి నూనె కదలదు. మూత కొద్దిగా వదులు చేయగానే నూనె వస్తే దోషం గాలి రంధ్రానిది. తర్వాత ట్యాంకులోని ఫిల్టరును కొక్కెపు తీగతో బయటికి లాగి కడగండి. రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి. పగులు ఉంటే పంపు నూనెకు బదులు గాలి పీలుస్తుంది.

ఇవన్నీ బాగున్నాకే క్లచ్ విప్పి వార్మ్ గేరు చూడాలి. మెలికలు కరిగి నున్నబడితే పంపు తిరగదు, దోషం క్లచ్ వేడిది. వార్మ్ తీగ విరిగినా, డ్రమ్ము గాడిలో కూర్చోకపోయినా ఇదే ఫలితం. వార్మ్ బాగుండి ప్లంజరు పళ్లు మాత్రం తెగి ఉంటే, పంపు లోపల ఏదో బిగుసుకుంది. ప్లంజరును బయటికి తీసి గోటితో తడమండి. గీతలు తగిలితే నూనెలో ఇనుప రజను, ఇసుక వచ్చాయి.

ఇక్కడ మీ కస్టమరును అడగవలసిన ప్రశ్న ఒకటుంది. "ఏ నూనె పోస్తున్నారు?" బండ్ల షెడ్డు నుంచి తెచ్చిన కాలిన ఇంజను ఆయిల్ పోసేవాళ్లు మన పల్లెల్లో ఎందరో. అది ఉచితంగా వస్తుంది. కానీ దానిలో ఇంజను అరిగిన లోహపు రజను ఉంటుంది, అది పంపును లోపలి నుంచి గీకుతుంది. చైను వేగానికి అది తుంపరగా లేచి చేతుల మీద, మొహం మీద పడుతుంది. ఎక్కువ కాలం ఒంటికి తగిలితే కాన్సరుకు దారితీయగల పదార్థాలు దానిలో ఉన్నాయి. చైన్ సా కంపెనీలు దాన్ని వాడొద్దని పుస్తకాల్లోనే రాస్తాయి. చైను కోసం అమ్మే నూనెలో చైనుకు అంటుకుని ఉండే జిగట కలుపుతారు. అది దొరకని రోజు కొత్త ఇంజను ఆయిల్ పోయడం నయం. వాడిన వంట నూనె వద్దు. మిషను మూల పడేస్తే అది లోపల బంకలా గట్టిపడి ప్లంజరును పట్టేస్తుంది.

పంపు సరిగా ఉందని రోజూ తెలుసుకోవడానికి తేలికైన గుర్తు ఒకటి ఉంది. పెట్రోలు ట్యాంకు ఒకసారి అయిపోయేసరికి నూనె ట్యాంకు కూడా అడుగంటాలి. పెట్రోలు అయిపోయి నూనె సగం మిగిలిందంటే ఆ సాయంత్రమే కవరు విప్పండి.

విప్పడం, బిగించడం

క్లచ్ ఊడదీసేటప్పుడు ఎక్కువ మిషన్లు పాడయ్యేది తొందర వల్ల. చైన్ సా క్లచ్‌కు సాధారణంగా ఎడమ మర ఉంటుంది. మామూలు నట్టును ఎడమకు తిప్పి విప్పుతాం. దీన్ని కుడికి, అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పాలి. మిషను నడిచేటప్పుడు క్లచ్ తనంతట తాను బిగుసుకోవడానికే ఈ ఏర్పాటు. చాలా క్లచ్‌ల మీద విప్పే దిక్కు బాణం గుర్తుతో ఉంటుంది. అది చూడకుండా బలం పెట్టినవాడు ఇంకా బిగించేస్తాడు.

పిస్టను కదలకుండా ఆపాలి. ప్లగ్గు విప్పండి. స్టార్టరు తాడు మెల్లగా లాగుతూ పిస్టను పైకి వచ్చి, పొగ బయటికి పోయే రంధ్రాన్ని దాటి మూసేదాకా ఆగండి. అప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి శుభ్రమైన నూలు తాడును మడతలుగా లోపలికి పెట్టండి, ఒక కొస బయటే ఉండాలి. ఇప్పుడు క్లచ్‌ను కుడికి తిప్పితే పిస్టను తాడును నొక్కి ఆగుతుంది, క్లచ్ వదులవుతుంది. పిస్టను రంధ్రం కంటే కింద ఉండగా తాడు పెడితే అది రంధ్రంలో ఇరుక్కుని తెగుతుంది, తర్వాత ఇంజను విప్పాల్సి వస్తుంది. ఇనుప కడ్డీ, స్క్రూ డ్రైవరు మాత్రం లోపల పెట్టకండి, పిస్టనుకు చిల్లు పడుతుంది. ఉలి పెట్టి సుత్తితో కొడితే షూలు పగులుతాయి. క్లచ్‌కు సరిపోయే పానా వాడండి.

డ్రమ్ము బయటికి ఉన్న రకంలో ముందు షాఫ్ట్ చివర సన్నని లాక్ క్లిప్పు ఉంటుంది. స్ప్రింగులా ఎగిరి పడుతుంది కాబట్టి దాని మీద గుడ్డ కప్పి తీయండి. వాషరు, డ్రమ్ము, నీడిల్ బేరింగ్ ఏ వరసలో వచ్చాయో అదే వరసలో తెల్ల గుడ్డ మీద పేర్చండి. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. వాషరు ఏ వైపు తిరిగి ఉందో కూడా ఆ ఫోటోయే చెబుతుంది.

పంపు తీసే ముందు చుట్టూ ఉన్న పొట్టు పూర్తిగా శుభ్రం చేయండి. పంపు వెనక క్రాంక్ సీలు తడిగా, నల్లగా, పగిలినట్టు కనిపిస్తే దాన్ని వదిలేయకండి. కొత్త పంపు వేసి పాత సీలుతో పంపితే ఇంజనే పోతుంది.

బిగించేటప్పుడు నీడిల్ బేరింగ్‌కు వేడి తట్టుకునే గ్రీజు కొద్దిగానే రాయండి. ఎక్కువైతే అది షూల మీదికి చింది క్లచ్ జారుతుంది. డ్రమ్ము పెట్టేటప్పుడు వార్మ్ తీగ కొస డ్రమ్ము గాడిలో సరిగా కూర్చునేదాకా డ్రమ్మును చేత్తో అటూ ఇటూ తిప్పండి. కూర్చోకుండా క్లిప్పు వేసేస్తే తీగ మొదటి రేసుకే వంగిపోతుంది. కొత్త పంపు పెట్టి కూడా నూనె రాని మిషన్లు షెడ్డుకు తిరిగి రావడానికి ఇదొక పెద్ద కారణం. ప్లగ్గు రంధ్రంలోని తాడు బయటికి తీయడం మరచిపోకండి. స్టార్ట్ చేశాక వరసగా మూడు పరీక్షలు చేయండి. ఐడిల్‌లో చైను ఆగి ఉండాలి. బ్రేకు వేయగానే చైను వెంటనే నిలవాలి. అట్ట మీద నూనె చార పడాలి. ఈ మూడూ అయ్యాకే మిషను యజమానికి ఇవ్వండి.

చిక్కపేటకు ఎలా రావాలి

మెట్రోలో గ్రీన్ లైన్ చిక్కపేట స్టేషన్‌లోనో, కె.ఆర్. మార్కెట్ స్టేషన్‌లోనో దిగితే ఈ వీధులన్నీ నడక దూరమే. వచ్చేటప్పుడు డబ్బుతోపాటు పాత ముక్క తేవాలి. కొట్టు మీద మాట సాధారణంగా ఇలా మొదలవుతుంది.

"అన్నా, 58 సీసీ మిషనుకు క్లచ్ కావాలి."

"పాతది తెచ్చినావా తమ్ముడూ?"

"లేదన్నా."

"అయితే రేపు తీసుకుని రా. అందాజుగా ఇస్తే నీకే తిప్పలు."

ఇలా వెనక్కి పంపే దుకాణదారుడు దొరికితే అతని దుకాణం గుర్తుపెట్టుకోండి, అతను మీ డబ్బు కాపాడుతున్నాడు. ఒకే పేరుతో అమ్మే చైనా మిషన్లలో కూడా డ్రమ్ము లోతు, స్ప్రాకెట్ పళ్ల సంఖ్య, చైను పిచ్, వార్మ్ గేరు మెలికలు వేరువేరుగా ఉంటాయి. పాత ముక్కతోపాటు మిషను మీద ఉన్న మోడల్ నంబరు, బారు మీద చెక్కిన పిచ్, గేజ్ అంకెల ఫోటో తెచ్చుకోండి.

కొత్త ముక్కను పాతదాని పక్కన పెట్టి చూడండి. వార్మ్ గేరును పాత ప్లంజరు పళ్లతో కలిపి చేత్తో తిప్పండి, ఎక్కడా పట్టకూడదు. డ్రమ్మును నీడిల్ బేరింగ్ మీద పెట్టి తిప్పితే ఊగకుండా తిరగాలి. క్లచ్ స్ప్రింగులన్నీ ఒకే బిగువున ఉన్నాయో లేదో చేత్తోనే తెలుస్తుంది. కంపెనీ ముక్కకూ నకలు ముక్కకూ ధరలో తేడా ఉంటుంది. డ్రమ్ము, స్ప్రాకెట్ విషయంలో మంచి నకలు పని చేయవచ్చు. వార్మ్ గేరు, పంపు, ఆయిల్ సీలు విషయంలో అసలుదే కొనమని నా సలహా. అవి పోతే వాటితో ఆగదు, ఇంజను దాకా పోతుంది.

ముక్కతోపాటు చైనును పదునుపెట్టే గుండ్రని ఆకురాయి, ఒక సీసా చైన్ ఆయిల్ కూడా కొనండి. క్లచ్ కొని ఇవి కొనకుండా వెళ్లినవాడు మళ్లీ క్లచ్ కోసమే వస్తాడు.

కారణం రాసే పుస్తకం

మెకానిక్ కావాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. చేతి వేగం ఏళ్లు గడిస్తే అందరికీ వస్తుంది. కారణం చెప్పగల నోరు మాత్రం కోరి అలవాటు చేసుకున్నవాడికే వస్తుంది. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి మిషనుకు నాలుగు వరసలు రాయండి: మిషను మోడల్, పాడైన ముక్క, దాని మీద కనిపించిన గుర్తు, మీరు తేల్చిన కారణం. కారణం తేలకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచి, మిషను తిరిగి వచ్చినప్పుడు నింపండి. పాత ముక్కలు వెంటనే తుక్కుకు వేయకండి. కాలిన డ్రమ్ము, కరిగిన వార్మ్, గీతలు పడ్డ ప్లంజరు ఒక డబ్బాలో దాచండి. యజమాని వచ్చినప్పుడు ఆ ముక్కను చేతికిచ్చి, "చూడండి, బ్రేకు వేసి రేసు ఇచ్చినందుకు ఇది ఇలా నీలం అయింది" అని చూపించండి. నింద వేసినట్టు కాకుండా నేర్పినట్టు చెప్పండి. మనిషి తన చేతిలో ముక్కను పట్టుకుని చూసినదాన్ని మరచిపోడు.

ఇలా చెబితే రిపేర్లు తగ్గి ఆదాయం పడిపోతుందని కొందరు భయపడతారు. ఒక మిషను తక్కువసార్లు వస్తుంది, నిజమే. అయితే ఆ మిషను యజమాని తన ఊరి మిషన్లన్నీ మీ దగ్గరికే పంపుతాడు. ఏప్రిల్, మే నెలల్లో గాలివానలకు బెంగళూరు వీధుల్లో పెద్ద చెట్లు విరిగిపడతాయి. అప్పుడు ఒక్క రోజు మిషను ఆగితే మేస్త్రీకి కూలీల జీతాలతో సహా నష్టం. అతనికి కావలసింది ఆగని మిషను. అది ఇవ్వగలవాడికి పని కరువుండదు.

ఆయుధ పూజ నాడు మనం మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, నిమ్మకాయ కోస్తాం. ఈసారి పూజకు ముందు రోజు కవరు విప్పి, పొట్టు దులిపి, నీడిల్ బేరింగ్‌కు గ్రీజు రాసి, నూనె ఫిల్టరు కడిగి, చైను పదునుపెట్టండి. పనిముట్టు పట్ల భక్తి అంటే ఇదే.

ఈ వారం చేయవలసిన పనులు

ఒకటి: మీ మిషను కవరు విప్పి, డ్రమ్ము రంగు, స్ప్రాకెట్ గాడి, బారు నూనె రంధ్రం చూసి, చూసింది చూసినట్టు రాయండి.

రెండు: అట్ట మీద నూనె పరీక్ష చేయండి. పెట్రోలుతోపాటు నూనె అయిపోతోందో లేదో గమనించండి.

మూడు: స్టార్ట్ చేసిన ప్రతిసారీ, రేసు ఇచ్చే ముందు బ్రేకు తీశానా అని మిమ్మల్ని మీరే అడగండి. మీ దగ్గర పని నేర్చుకునే కుర్రవాడికి కూడా ఇది మొదటి పాఠంగా చెప్పండి.

నాలుగు: ఏ ముక్కైనా కొనే ముందు కాగితం మీద ఒక వాక్యం రాయండి: "ఇది అరిగింది ఎందుకంటే..." ఆ వాక్యం పూర్తయ్యాకే డబ్బు తీయండి. పూర్తి కాకపోతే, తెలిసిన మెకానిక్‌ను అడగండి, మళ్లీ విప్పి చూడండి. కారణం తేలి, దాన్ని సరిచేశాక వేసిన ముక్క మీకు ఎన్నో ఏళ్లు పని చేస్తుంది.